నాలుగేళ్ళ ఆటగాళ్ళు - నూరేళ్ళ జట్లు

ఫుట్‌బాల్ అనగానే మనకు గుండ్రని బంతీ, దాన్ని కాలితో తన్నుకుంటూ పరుగెత్తే ఆటగాళ్ళూ గుర్తుకు వస్తారు. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడి ఫుట్‌బాల్‌లో బంతి కోలగా వుంటుంది. దాన్ని కాలితో తన్నటం తక్కువ. చేత పట్టుకుని పరుగెత్తటం, విసరటం, పట్టుకోవటం ఎక్కువ. తలకు గట్టి శిరస్త్రాణాలూ, భుజాలకు దిండ్లూ కట్టుకుని ఇటు పదకొండుమంది, అటు పదకొండుమంది ఒకరినొకరు ఢీకొంటుంటే, కొత్తగా చూసేవాడికి అది ఆటో కుమ్ములాటో ఒక పట్టాన తెలియదు.

మరి మనకెందుకు ఈ గొడవ అంటారేమో! పై చదువులకని అమెరికా వెళ్ళిన మన తెలుగు పిల్లలు ఇవాళ వేలమంది వున్నారు. “ఈ శనివారం మా ఊళ్ళో ఆట వున్నది, బయటికి వెళ్ళే వీలు లేదు” అని వాళ్ళు ఫోనులో చెపితే ఇక్కడి పెద్దలకు ఆశ్చర్యం కలుగుతుంది. కాలేజీ కుర్రాళ్ళ ఆటకు ఊరంతా దారులు మూసుకోవటమేమిటని. కాని నిజం అదే. మిషిగన్ విశ్వవిద్యాలయం వున్న ఆన్ ఆర్బర్ పట్టణంలో జనం సుమారు లక్షా ఇరవై వేలు. 1927లో తెరిచిన ఆ విశ్వవిద్యాలయపు ఆటస్థలంలో ఇవాళ సీట్లు 1,07,601. అంటే ఊరు దాదాపు అంతా ఒక్క ప్రాంగణంలో కూర్చోవచ్చునన్నమాట! లక్షమందికి పైగా పట్టే కాలేజీ ఆటస్థలాలు ఆ దేశంలో ఎనిమిది వున్నవి. వెల్చేరు నారాయణరావుగారు ఏళ్ళ తరబడి తెలుగు పాఠాలు చెప్పిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కూడా ఆటస్థలానికి డెబ్బయి అయిదువేల మందికి మించి పడతారు.

ఈ ఆట ఆడే కాలేజీలు వందలకొద్దీ వున్నా, మేటి జట్లు అని దేశమంతా ఒప్పుకునేవి మాత్రం పది పన్నెండుకు మించవు. నూరేళ్ళనాడు గొప్పవని పేరు పొందినవాటిలో కొన్ని ఇవాళా గొప్పవిగా చలామణి అవుతున్నవి. చిత్రమేమిటంటే, ఆ జట్లలో ఏ ఆటగాడూ నాలుగైదేళ్ళకు మించి వుండడు! నిబంధనల ప్రకారం విద్యార్థి అయిదేళ్ళ వ్యవధిలో నాలుగు ఋతువులు మాత్రమే ఆడాలి. ఎంతటి వీరుడయినా చదువు ముగియగానే వెళ్ళిపోవలసిందే. మనుషులు మారిపోతూ వుంటే జట్టు గొప్పతనం ఎక్కడ నిలుస్తున్నది? ఈ వ్యాసంలో చూడబోయేది అదే.

ఆట పుట్టుక

ముందు ఆట సంగతి రెండు ముక్కలు. మైదానం నూరు గజాల పొడవు. బంతి చేతిలో వున్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోగలిగితే మళ్ళీ నాలుగు; లేకపోతే బంతి అవతలివారి పరం. ఎదుటివారి చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. దానికే టచ్‌డౌన్ అని పేరు. ఆపైన బంతిని స్తంభాల మధ్యగా తన్ని ఒక పాయింటు గాని, మళ్ళీ గీత దాటించి రెండు పాయింట్లు గాని తెచ్చుకోవచ్చు.

కాలేజీల మధ్య మొదటి ఆట 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలకు జరిగింది. రట్గర్స్ 6-4 తేడాతో గెలిచింది. అప్పుడు పక్షానికి ఇరవై అయిదుమంది. 1880 తర్వాత యేల్ కాలేజీకి చెందిన వాల్టర్ క్యాంప్ దీనికి ఇప్పటి రూపం తెచ్చాడు. అది మొరటు రూపం. 1905లో ఈ ఆటలో దెబ్బలు తగిలి చనిపోయినవారు పద్దెనిమిది, పందొమ్మిదిమంది దాకా వున్నారని ఆనాటి పత్రికలు లెక్క కట్టినవి. ప్రెసిడెంటు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వారిని పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. మరుసటి ఏడాదే బంతిని ముందుకు విసరటానికి అనుమతి ఇచ్చారు. గుంపుగా మీదపడి కుమ్ముకోవటం కొంత తగ్గింది. కాలేజీ ఆటలన్నిటినీ పర్యవేక్షించే జాతీయ సంఘం కూడా ఆ గొడవలోనుంచే పుట్టింది.

ఒక పేరు ఎలా పుడుతుంది?

మేటి జట్టుకు మొదటి పెట్టుబడి పేరు. పేరు ఎలా వస్తుందో తెలియాలంటే నోటర్ డేమ్ కథ వినాలి.

ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ అనే ఊళ్ళో రోమన్ కాథలిక్ గురువులు నడిపే చిన్న కాలేజీ అది. 1913లో వాళ్ళు సైనిక కళాశాల అయిన ఆర్మీ జట్టుపై ఆటకు వెళ్ళారు. కొత్తగా వచ్చిన ‘విసురు’ విద్యను అప్పటికి పెద్ద జట్లు అంతగా పట్టించుకోలేదు. నోటర్ డేమ్ కుర్రాళ్ళు గస్ డోరే, క్నూట్ రాక్నీ దాన్ని సాధన చేసి వచ్చారు. డోరే విసరటం, రాక్నీ పట్టుకోవటం! 35-13 తేడాతో ఆర్మీ ఓడిపోయింది.

నార్వేలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వచ్చిన ఆ రాక్నీయే 1918లో జట్టుకు కోచ్ అయ్యాడు. పదమూడేళ్ళలో 105 ఆటలు గెలిచి, 12 మాత్రమే ఓడిపోయాడు, అయిదు సమమైనవి. ఇంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి జరిగింది. ఆ ప్రాంతపు పెద్ద విశ్వవిద్యాలయాల కూటమి నోటర్ డేమ్‌ను తమలో చేర్చుకోలేదు. దగ్గర్లో ఆడేవారు కరువైతే రాక్నీ తన జట్టును రైలెక్కించి న్యూయార్కుకూ, లాస్ ఏంజిల్స్‌కూ తీసుకుపోయాడు. ఆ నగరాలలో ఐర్లండు, ఇటలీ, పోలండు దేశాలనుంచి వలస వచ్చిన కాథలిక్ కూలి జనం లక్షలు. కాలేజీ గడప తొక్కని ఆ జనం, ‘ఇది మన జట్టు’ అనుకున్నారు. 1931 మార్చిలో విమాన ప్రమాదంలో రాక్నీ చనిపోయినప్పుడు దేశమంతా కదిలిపోయింది.

ఆ పేరు ఎంత గట్టిదో చూడండి. నోటర్ డేమ్ జాతీయ విజేతగా చివరిసారి నిలిచింది 1988లో. అయినా 1991నుంచి ఒక పెద్ద టెలివిజన్ సంస్థ ఆ ఒక్క జట్టు సొంతగడ్డ ఆటలను దేశమంతటికీ చూపిస్తూ వస్తున్నది. 2025 జనవరిలో జాతీయ ఫైనల్ దాకా వచ్చి ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడిపోయింది. ముప్ఫయి ఆరేళ్ళకు పైగా కిరీటం లేకపోయినా సింహాసనం మాత్రం ఖాళీ చెయ్యని జట్టు అది!

పెళ్ళిసంబంధాల వంటి వ్యవహారం

ఐతే పేరు బంతి మోసుకుని పరుగెత్తదు. పరుగెత్తేవాడు పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. ఏటేటా పాతికమందిదాకా వెళ్ళిపోతుంటే, మళ్ళీ అంతమందిని వెతికి తెచ్చుకోవాలి. అసలు పోటీ శనివారం మైదానంలో కాదు, అంతకు రెండు మూడేళ్ళ ముందు ఆ కుర్రాళ్ళ ఇళ్ళలోనే జరుగుతుందంటారు తెలిసినవారు.

ఈ వ్యవహారం అచ్చం మన పెళ్ళిసంబంధాల లాగే వుంటుంది. పిల్లవాడు హైస్కూలులో వుండగానే అతని పొడవు, బరువు, వేగం లెక్కలు దేశమంతా పాకుతవి. నక్షత్రాల గుర్తులిచ్చి శ్రేణులు కట్టే సంస్థలున్నవి. పేరుమోసిన కోచ్‌లు స్వయంగా ఇంటికి వచ్చి, తల్లి చేతి వంట తిని, “మీ అబ్బాయిని మా బిడ్డలా చూసుకుంటాం” అని నమ్మకంగా చెపుతారు. తల్లి చదువు సంగతి అడుగుతుంది. తండ్రి ఆడే అవకాశం సంగతి అడుగుతాడు. పిల్లవాడు ఎవరెవరు పెద్ద జట్లలోకి పోయారో అడుగుతాడు. చివరికి పత్రికలవారి ఎదుట నాలుగైదు కాలేజీల టోపీలు బల్లమీద పెట్టుకుని, వాటిలో ఒకటి తీసి తలమీద పెట్టుకుంటాడు. నిశ్చితార్థం అయిపోయినట్టే!

మంచి ఆటగాళ్ళు అంతటా ఒకేలా పుట్టరు. టెక్సస్, ఫ్లారిడా, జార్జియా, కాలిఫోర్నియా, ఒహాయో రాష్ట్రాలు ఈ పంటకు పేరుపడ్డవి. ఆ నేల దగ్గరగా వుండటం పెద్ద వరం. దీనికి మయామీ విశ్వవిద్యాలయం సాక్ష్యం. 1979లో హోవర్డ్ ష్నెలెన్‌బర్గర్ అక్కడికి కోచ్‌గా వచ్చేనాటికి, ఈ ఆటను మానేద్దామా అన్న ఆలోచనలో వున్నదా విశ్వవిద్యాలయం. ఆయన దేశం మీద పడి తిరగలేదు. దక్షిణ ఫ్లారిడాకు మనసులో ఒక గీత గీసి, “ఈ గీతలోపల పుట్టిన మంచి ఆటగాడు బయటికి పోకూడదు” అని నిర్ణయించుకున్నాడు. ధనికులు కన్నెత్తి చూడని పేటల్లో తిరిగాడు. అయిదో ఏడు, 1984 జనవరి 2న, మయామీ జట్టు అప్పటికి ఓటమి ఎరగని నెబ్రాస్కాను 31-30తో ఓడించి జాతీయ విజేత అయింది.

ఆ రాత్రి నెబ్రాస్కా కోచ్ టామ్ ఆస్బర్న్ చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆట ముగియటానికి నిమిషం కూడా లేదు, స్కోరు 31-30. బంతిని తన్ని ఒక్క పాయింటు తెచ్చుకుంటే ఆట సమమవుతుంది, అగ్రస్థానం బహుశా తమదే అవుతుంది. ఆస్బర్న్ అది వద్దని, గెలుపుకోసం రెండు పాయింట్ల ప్రయత్నం చేయించాడు. విసిరిన బంతి మయామీవాడి చెయ్యి తగిలి పక్కకు పోయింది. కిరీటం పోయినా ఆస్బర్న్ పేరు పెరిగింది.

గురువు వుంటే

మూడోది గురువు. దక్షిణాన వున్న అలబామా కథలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1926 జనవరిలో కాలిఫోర్నియాలో రోజ్ బౌల్ ఆటలో వాషింగ్టన్ జట్టును 20-19తో ఓడించిననాడే అలబామాకు పేరు వచ్చింది. అంతర్యుద్ధం తర్వాత పేదరికంలో మగ్గిన దక్షిణ రాష్ట్రాలవాళ్ళు దాన్ని తమ అందరి గెలుపుగా భావించారు. 1958లో పాల్ బ్రయంట్ కోచ్‌గా వచ్చాడు. ‘బేర్’, అంటే ఎలుగుబంటి, అన్నది ఆయన ముద్దుపేరు. పాతికేళ్ళలో ఆరుసార్లు జట్టును జాతీయ విజేతను చేశాడు. 1982 డిసెంబరులో ఆఖరి ఆట ఆడించి విరమించాడు. నెల తిరగకుండా కన్నుమూశాడు.

ఆ తర్వాత ఇరవై నాలుగు ఋతువులు గడిచినవి. పేరు అదే, ఎర్రని చొక్కాలు అవే, జనం అదే. జాతీయ విజేత కాగలిగింది మాత్రం ఒకే ఒక్కసారి, 1992లో. కోచ్‌లు వస్తూ పోతూ వున్నారు. 2007లో నిక్ సేబన్ వచ్చాడు. పదిహేడేళ్ళలో మళ్ళీ ఆరు కిరీటాలు! 2024 జనవరిలో ఆయన విరమించాడు.

సేబన్ పద్ధతిలో మంత్రమేమీ లేదు. స్కోరు బోర్డు వైపు చూడవద్దు, ఇప్పుడు చేయవలసిన ఒక్క పని సరిగ్గా చెయ్యి అనేవాడు. ఇంకొకటి: ప్రతి స్థానానికీ ఒక్కడు కాదు, ఇద్దరు ముగ్గురు సమఉజ్జీలు వుండాలన్నాడు. దాని ఫలితం 2018 జనవరి ఫైనల్లో లోకం చూసింది. సగం ఆట అయ్యేసరికి జార్జియాపై అలబామా 0-13తో వెనకబడింది. రెండేళ్ళుగా జట్టును గెలిపిస్తూ వచ్చిన జేలన్ హర్ట్స్‌ను సేబన్ కూర్చోబెట్టి, మొదటి సంవత్సరపు కుర్రవాడు టూవా టాగోవైలోవాను దింపాడు. అదనపు సమయంలో అలబామా 26-23తో గెలిచింది. హర్ట్స్ అలగలేదు, జట్టు వదలలేదు. అదే ఏడాది డిసెంబరులో అదే జార్జియాపై ఆటలో టూవాకు దెబ్బ తగిలితే, హర్ట్స్ లేచి వెళ్ళి ఓడుతున్న ఆటను 35-28తో గెలిపించాడు. మామూలు జట్టులో మొదటివాడు పడిపోతే ఆట పోతుంది; మేటి జట్టులో రెండోవాడు లేస్తాడు.

ఈ గెలుపులవల్ల విశ్వవిద్యాలయం కూడా పెరిగింది. 2007లో అలబామాలో విద్యార్థులు సుమారు 25 వేలు. పదేళ్ళలో 38 వేలు దాటారు. వారిలో సగానికి పైగా ఇతర రాష్ట్రాలవారు. ఆటను చూసి ఊరిపేరు తెలుసుకుని చదువుకు వచ్చినవారు చాలామంది వున్నారు.

డబ్బు చాలదు, జనమూ చాలదు

నాలుగోది డబ్బు. 1984దాకా ఏ ఆట టెలివిజన్‌లో చూపాలో జాతీయ సంఘమే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకు వెళితే, అది చట్టవిరుద్ధమని ఆ ఏడు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటినుంచి పేరున్న జట్ల కూటములు సొంతంగా ఒప్పందాలు చేసుకుని కోట్లు గడిస్తున్నవి. చాలా రాష్ట్రాలలో ప్రభుత్వ జీతగాళ్ళందరిలోకీ ఎక్కువ జీతం గవర్నరుది కాదు, ప్రధాన న్యాయమూర్తిది కాదు, విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ కోచ్‌ది!

కాని డబ్బుతోనే మేటి జట్టు తయారయ్యేదయితే టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఎప్పుడో శిఖరాన వుండవలసింది. చమురు డబ్బున్న పూర్వవిద్యార్థులు, లక్షకు మించిన సీట్లు, ఆటసాంతం నిలబడే చూసే విద్యార్థులు అక్కడ వున్నారు. 2023 నవంబరులో ఫలితాలు బాగాలేవని కోచ్ జింబో ఫిషర్‌ను తీసివేసినప్పుడు, మిగిలిన ఒప్పందం కింద ఆయనకు ఇవ్వవలసి వచ్చింది ఏడున్నర కోట్ల డాలర్ల పైచిలుకు. పని చేయవద్దని చెప్పటానికి అంత డబ్బు! ఆ జట్టు జాతీయ విజేత అయింది మాత్రం 1939లో ఒక్కసారే.

జనాభిమానం సంగతి నెబ్రాస్కాను అడగాలి. సుమారు ఇరవై లక్షల జనం వున్న వ్యవసాయ రాష్ట్రమది. 1962నుంచి అక్కడి ఆటకు టిక్కెట్లు మిగలటమనేది లేదు. మనం పైన చెప్పుకున్న ఆస్బర్న్ పాతికేళ్ళు కోచ్‌గా వుండి ఏ ఏడూ తొమ్మిది ఆటలకు తక్కువ గెలవలేదు; 1994, 1995, 1997లలో జాతీయ విజేతగా నిలబెట్టాడు. ఆయన తర్వాత వచ్చిన ఫ్రాంక్ సోలిచ్‌ను 2003లో, ఆ ఏడు తొమ్మిది ఆటలు గెలిచినా, ఇది చాలదని పంపించివేశారు. ఆపైన కోచ్‌లు మారుతూ పోయారు. 2011లో పాత కూటమి వదిలి కొత్తదానిలో చేరటంతో, ఆటగాళ్ళు దొరికే టెక్సస్‌తో ఏటేటా వుండే రాకపోకలు తెగినవి. 2017నుంచి 2023దాకా వరసగా ఏడేళ్ళు గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. అయినా ఆటస్థలం నిండుతూనే వున్నది! పేరుంది, డబ్బుంది, జనం వున్నారు. పండే నేల దూరం, గురువు కుదరలేదు. మంచానికి రెండు కోళ్ళు విరిగితే మిగిలిన రెండూ ఎంత గట్టివయినా పడుకోవటానికి పనికిరాదు గదా!

ఎవరి చెమట, ఎవరి పేరు?

ఇంతవరకు బాగానే వున్నది. కాని ఈ వైభవానికి మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్న మిగిలింది.

దక్షిణాది విశ్వవిద్యాలయాలలో నల్లజాతి విద్యార్థులకు చాలాకాలం ప్రవేశమే లేదు. ఆ కుర్రాళ్ళు తమవారి కాలేజీలలో ఆడేవారు. లూయిజియానాలోని గ్రాంబ్లింగ్ అటువంటిది. ఎడ్డీ రాబిన్‌సన్ అక్కడ 1941లో చేరి 1997దాకా కోచ్‌గా పనిచేసి 408 ఆటలు గెలిచాడు. రెండువందలమందికి పైగా వృత్తి జట్లకు పంపాడు. 1970 సెప్టెంబరులో దక్షిణ కాలిఫోర్నియా జట్టు అలబామాకు వచ్చి, నల్లజాతి యువకుడు శామ్ కనింగ్‌హామ్ ముందుండి పరుగెత్తగా 42-21తో ఓడించింది. బ్రయంట్ అప్పటికే ఒక నల్లజాతి కుర్రవాణ్ణి చేర్చుకుని వున్నాడు. ఆ ఆట తర్వాత అడ్డుచెప్పే నోళ్ళు మూతబడినవి. తలుపులు తెరుచుకోవటం న్యాయమే. ఐతే పెద్ద కాలేజీలు మంచి ఆటగాళ్ళను ఎత్తుకుపోగా, వాళ్ళను గడ్డుకాలంలో కాపాడిన గ్రాంబ్లింగ్ వంటివి వెనకబడిపోయినవి. కొందరి గొప్పతనం ఇంకొకరి కొట్టు ఖాళీ చేసి వచ్చిందని మరవరాదు.

చాలాకాలం ఆటగాళ్ళకు ముట్టిందేమిటి? ఫీజు, భోజనం, బస. అంతకు మించి పైసా తీసుకున్నా నేరంగా వుండేది. దొంగచాటుగా మాత్రం నడుస్తూనే వుండేది. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం పట్టుబడినా మానకపోతే, 1987లో జాతీయ సంఘం ఆ ఏడాది జట్టునే రద్దు చేసింది. మరుసటి ఏడు ఆటగాళ్ళు లేక వాళ్ళే మానుకున్నారు. ఋతువు చివర గౌరవంగా ఆడే బౌల్ ఆటకు ఆ జట్టు మళ్ళీ చేరుకోవటానికి 2009దాకా పట్టింది.

కోచ్‌లు కోటీశ్వరులవుతుంటే కుర్రాళ్ళకు పైసా లేకపోవటమేమిటన్న వాదం చివరికి కోర్టుల్లో నిలిచింది. చదువుకు సంబంధించిన సాయంపై సంఘం పెట్టిన ఆంక్షలు చెల్లవని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. మరుసటి నెలనుంచే ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకునే వ్యాపారులనుంచి డబ్బు తీసుకోవచ్చునన్నారు. అదే ఏడు, ఒక కాలేజీ వదిలి ఇంకొక కాలేజీలో చేరినవాడు ఒక ఏడాది ఆట మానుకోవాలన్న పాత నిబంధనను కూడా సడలించారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం విశ్వవిద్యాలయమే తన ఆటగాళ్ళందరికీ కలిపి ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్లదాకా నేరుగా పంచవచ్చు. పేరు చూసి వచ్చే కుర్రవాడు ఇప్పుడు పైకం కూడా చూస్తాడు. పాత మేటి జట్లకు ఇది కొత్త పరీక్ష.

ఇంకొక మూల్యం డబ్బుతో కొలిచేది కాదు. పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్‌లో జో పటర్నో 1966నుంచి కోచ్‌గా వుండి 409 ఆటలు గెలిచాడు. నీతికి పెట్టింది పేరన్నారు. 2011లో ఆయన మాజీ సహాయకుడు జెర్రీ శాండస్కీ ఏళ్ళ తరబడి బాలలపై ఘోరమైన అత్యాచారాలు చేశాడన్న సంగతి బయటపడింది. మరుసటి ఏడు కోర్టు 45 నేరాలు రుజువైనట్టు ప్రకటించింది. ముందే తెలిసి కూడా గట్టి చర్య తీసుకోలేదన్న ఆరోపణమీద పటర్నోను తొలగించారు. విశ్వవిద్యాలయానికి ఆరు కోట్ల డాలర్ల జరిమానా పడింది. జట్టు గుడిలా మారినప్పుడు తప్పు జరుగుతున్నదని నోరు విప్పేవాడు కరువవుతాడు.

వద్దనుకున్న విశ్వవిద్యాలయం

ఈ వైభవం చాలునని స్వయంగా లేచి వెళ్ళిపోయిన విశ్వవిద్యాలయం కూడా ఒకటి వున్నది. చికాగో విశ్వవిద్యాలయం ఒకనాటి మేటి జట్లలో ఒకటి. ఆమోస్ అలాంజో స్టాగ్ అక్కడ 1892నుంచి 1932దాకా కోచ్. దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఏటా ఇచ్చే హైస్మన్ బహుమతిని మొట్టమొదట, 1935లో, అందుకున్న జే బర్వాంగర్ ఆ జట్టువాడే. అప్పటికే జట్టు బలం తగ్గుతున్నది. దాన్ని మళ్ళీ నిలబెట్టాలంటే చదువు నియమాలు సడలించాలి. విశ్వవిద్యాలయాధిపతి రాబర్ట్ హచిన్స్ 1939 డిసెంబరులో అసలు జట్టునే రద్దు చేయించాడు. పూర్వవిద్యార్థులు మండిపడ్డారు.

తర్వాత మూడేళ్ళకు, 1942 డిసెంబరు 2న, ఖాళీగా పడివున్న ఆ ఆటస్థలపు మెట్లకింది గదిలో ఎన్రికో ఫెర్మి బృందం ప్రపంచంలో మొదటిసారి పరమాణు శృంఖల చర్యను అదుపులో పెట్టి నడిపింది. ఇవాళ ఆ నేలమీద పెద్ద గ్రంథాలయం వున్నది; దాని దక్షిణాసియా విభాగంలో మన తెలుగు పుస్తకాలు కూడా చోటుచేసుకున్నవి. చికాగోలో ఫుట్‌బాల్ తిరిగి 1969లో మొదలయింది, చిన్న కాలేజీల స్థాయిలో. దానివల్ల ఆ విశ్వవిద్యాలయపు ప్రతిష్ఠకు లోటేమీ రాలేదు.

అందరూ చికాగోలా చేయాలని కాదు. శనివారం మధ్యాహ్నం లక్షమంది ఒక్క గొంతుతో అరిచే ఆ ఆనందం చిన్నదేమీ కాదు. నెబ్రాస్కా రైతుకు అది ఏడాదికి సరిపడే పండుగ. మేటి జట్టు ఎలా తయారవుతుందంటే జవాబు ఇప్పుడు మనకు తెలుసు: పేరు, మంచి కుర్రాళ్ళు దొరికే నేల, నిలకడగల గురువు, డబ్బు. ఈ నాలుగూ ఒకచోట కుదిరి, ఒక తరం వెళ్ళిపోగానే రెండో తరాన్ని సిద్ధంగా వుంచగలిగితే అది మేటి జట్టు. ఒక్క ఏడు గెలవటం చాలామంది చేశారు. మనుషులు మారినా గెలుస్తూ వుండటం కొద్దిమందికే చాతనయింది.

ఐతే కాలేజీలో ఆడేవాళ్ళలో నూటికి ఇద్దరు కూడా వృత్తి ఆటగాళ్ళు కాలేరు. తక్కినవాళ్ళు ఇరవై రెండేళ్ళకే, అరిగిన మోకాళ్ళతో, ఉద్యోగాలు వెతుక్కుంటూ బయటికి వస్తారు. తలకు తగిలిన దెబ్బలు ముదిమిలో మతిని దెబ్బతీస్తవని వైద్యులు హెచ్చరిస్తున్నారు. తన యవ్వనంలోని నాలుగేళ్ళు ఇచ్చి జట్టుకు నూరేళ్ళ పేరు నిలబెట్టినవాడు అతనే. అతనికి చేతిలో నిజమైన పట్టా, ఒంట్లో ఆరోగ్యం, చేసిన కష్టానికి తగిన ప్రతిఫలం ఇచ్చి పంపగలిగిన విశ్వవిద్యాలయాన్ని, కిరీటాలు ఎన్ని గెలిచిందో లెక్క చూడకుండానే, మేటి అనవచ్చు.